చప్పుడంతా గాలిదే

అక్వేరియం ఓవర్‌ఫ్లో పైపు రాత్రంతా గుడగుడలాడుతుంటే చాలామంది మోటారును అనుమానిస్తారు. అసలు కారణం నీళ్లతో పాటు పైపులోకి దూరే గాలి. దానికి సరైన దారి చూపించాలి, లేదంటే చోటే లేకుండా చేయాలి. ఈ రెండిట్లో ఏది చేసినా ఇంటివాళ్లకు నిద్ర, చేపలకు ఊపిరి దక్కుతాయి.

నీళ్లు నిండుగా పారే పైపు చప్పుడు చేయదు. ఇంచి పైపులో ఒక్క బుడగ కూడా లేకుండా నీళ్లు దిగుతుంటే, చెయ్యి ఆనించి చూస్తే తప్ప అందులో పారకం ఉందని తెలియదు. అదే పైపులో కాసిని నీళ్లు, బోలెడంత గాలి కలిసి దిగితే పక్క గదిలో పడుకున్నవాళ్లకూ నిద్ర పట్టదు. కింద సంపు పెట్టిన పెద్ద అక్వేరియం ఉన్న ఇళ్లలో రాత్రిళ్లు వినిపించే గుడగుడకు మూలం ఇదే. మోటారు మార్చినా, స్టాండు కింద దుప్పటి పరిచినా పోని ఈ చప్పుడు, పైపులో గాలి సంగతి చూసుకుంటే ఒక్క ఆదివారం పనితో సర్దుకుంటుంది.

పగలు ఈ గోల ఎవరికీ పట్టదు. టీవీ, మిక్సీ, వీధిలో బళ్లు దాన్ని మింగేస్తాయి. రాత్రి పదకొండు దాటాక, హాలూ పడకగదీ ఒకే గోడ పంచుకునే ఫ్లాటులో అదొక్కటే మిగులుతుంది. పడకగదిలో ఆగకుండా వచ్చే శబ్దం 30 డెసిబెల్స్ దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999లోనే చెప్పింది. మన దేశంలో 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు నివాస ప్రాంతాల్లో రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా 45 డెసిబెల్స్‌ను హద్దుగా పెట్టాయి. వీధిలో అయితే ఫిర్యాదు చేస్తాం. ఇంట్లో మనమే పెట్టుకున్న తొట్టి మీద ఎవరికి చెప్పుకుంటాం?

అందుకే కొందరు పడుకోబోయే ముందు మోటారు ఆపేస్తారు. ఈ కథనం రాయడానికి కారణం ఆ అలవాటే. ఫిల్టర్‌లో స్పాంజి మీద, సిరామిక్ రింగుల మీద బతికే బ్యాక్టీరియా చేపల విసర్జనలోని అమ్మోనియాను ముందు నైట్రైట్‌గా, ఆ తర్వాత నైట్రేట్‌గా మారుస్తుంది. ఆ పని సాగాలంటే ఆక్సిజన్ ఉన్న నీళ్లు దాని మీదుగా పారుతూనే ఉండాలి. పైగా చీకట్లో మొక్కలు, నాచు కూడా ఆక్సిజన్ పీల్చుకుంటాయి. తెల్లవారేసరికి నీళ్లలో దాని మోతాదు బాగా పడిపోతుంది. భీమవరం, కైకలూరు వైపు చెరువుల రైతులు రాత్రిళ్లు ఏరియేటర్లు తిప్పేది, తెల్లవారుజామున గట్టు మీద నిలబడి చూసుకునేది ఇందుకే. ఆ వేళకే హాల్లో తొట్టి మోటారు ఆగిపోయి ఉంటే చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి. మన నిద్రకు వాటి ఊపిరిని ఖర్చు చేయనక్కర్లేదు. మార్గం పైపులోనే ఉంది.

పై తొట్టి, కింది సంపు

ఏర్పాటు సులువైనదే. పై తొట్టిలో ఒక మూలన గాజు అడ్డుగోడ కట్టి చిన్న పెట్టెలాంటి గది చేస్తారు. ఆ గోడ పైఅంచుకు పళ్లు కోసి ఉంటాయి. తొట్టి నిండాక నీళ్లు ఆ పళ్ల మీదుగా అలుగు పారి గదిలో పడతాయి. అక్కడి నుంచి పైపు గుండా స్టాండు లోపల ఉన్న సంపులోకి దిగుతాయి. సంపులో వడకట్టుకుని, మోటారు తోస్తే మళ్లీ పైకెక్కుతాయి. ఫిల్టర్లు, హీటర్లు అన్నీ కిందే ఉంటాయి కాబట్టి చూడటానికి తొట్టి శుభ్రంగా ఉంటుంది. నీటి మట్టం కూడా పైన ఎప్పుడూ ఒకేలా నిలుస్తుంది.

ఈ ఆలోచనకు నూటయాభై ఏళ్లు దాటాయి. 1871లో లండన్ క్రిస్టల్ ప్యాలెస్‌లో తెరిచిన అక్వేరియం కోసం విలియం ఆల్ఫోర్డ్ లాయిడ్ నేల కింద పెద్ద జలాశయం కట్టించి, సముద్రపు నీళ్లు ఆగకుండా పైకెక్కి కిందికి దిగేలా చేశాడు. అక్కడ పైపుల గోల కట్టడం అడుగున ఉండిపోయేది. మన ఇళ్లలో అది సోఫాకు మూడడుగుల దూరంలో ఉంటుంది.

గాలి ఎందుకు దూరుతుంది

లెక్క వేసి చూస్తే విషయం తేటపడుతుంది. నాలుగడుగుల తొట్టి, అంటే 120 సెంటీమీటర్ల పొడవు, 45 వెడల్పు, 45 ఎత్తు ఉన్నదాంట్లో దాదాపు 240 లీటర్లు పడతాయి. ఆ నీళ్లు గంటకు ఐదుసార్లు తిరగాలనుకుంటే మోటారు 1,200 లీటర్లు ఇవ్వాలి. ఇక పైపు సంగతి. ముప్పావు మీటరు కిందికి దిగే ఇంచి పైపు పూర్తిగా నిండి పారితే, ఎల్బోల దగ్గర, లోపలి గోడల రాపిడి దగ్గర పోయేది పోగా గంటకు 3,000 లీటర్లకు పైగానే దింపగలదు. మోటారు ఇచ్చేది అందులో సగం కూడా లేదు. పైపులో ఖాళీగా మిగిలిన చోటును గాలి ఆక్రమిస్తుంది.

సగం ఖాళీ ఉన్న నిలువు పైపులో నీళ్లు మధ్యగా పడవు. గోడను పట్టుకుని పొరలా జారతాయి, మధ్యలో గాలి నిలుస్తుంది. పొర పలచగా ఉన్నంతసేపు గొడవ లేదు. అది మందమయ్యే కొద్దీ అక్కడక్కడ ముడుచుకుని పైపుకు అడ్డంగా బిరడాలా మారుతుంది. ఆ నీటి ముద్ద కిందికి పోతూ తన ముందున్న గాలిని నొక్కుతుంది, వెనక గాలిని లాగుతుంది. గుడగుడ అక్కడ పుడుతుంది. బహుళ అంతస్తుల భవనాల మురుగు పైపుల మీద పనిచేసిన ఇంజినీర్లకు ఇది బాగా తెలుసు. అమెరికా నేషనల్ బ్యూరో ఆఫ్ స్టాండర్డ్స్ 1961లో ఈ విషయం మీద ఒక గ్రంథమే వేసింది. నిలువు పైపు అడ్డుకోతలో పావు నుంచి మూడో వంతుకు మించి నీళ్లు ఉండకూడదన్నది ప్లంబింగ్ వాళ్ల లెక్క. మన తొట్టి పైపు సరిగ్గా ఆ హద్దు దాటిన చోట, నిండుగా పారడానికి చాలనంత నీటితో ఇరుక్కుంటుంది.

బుడగ ఎందుకు మోగుతుందో మార్సెల్ మిన్నార్ట్ 1933లో లెక్కగట్టాడు. నీళ్లలో చిక్కిన గాలి బుడగ ముడుచుకుంటూ సాగుతూ కంపిస్తుంది. ఒక మిల్లీమీటరు వ్యాసార్థం ఉన్న బుడగ సెకనుకు దాదాపు 3,300 సార్లు, ఐదు మిల్లీమీటర్లది 650 సార్లు. చిన్న బుడగలది కీచుగొంతు, పెద్దవాటిది బొంగురుగొంతు. బొంగురు ధ్వనులు ప్లైవుడ్ తలుపుల్లోంచి సులువుగా దాటిపోతాయి కాబట్టే స్టాండు తలుపు మూసినా గుడగుడ ఆగదు. కుళాయి చుక్క టప్పుమనడానికి కూడా బుడగే కారణమని 2018లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో అనురాగ్ అగర్వాల్ బృందం తేల్చింది. చుక్క నీటిని తాకినందుకు వచ్చే ధ్వని దాదాపు సున్నా. అది పడినప్పుడు నీటి అడుగున చిక్కే చిన్న గాలి బుడగే మోగుతుంది. గిన్నెలు తోమే సబ్బు కొంచెం కలిపితే ఆ చప్పుడు పోతుందని కూడా వాళ్లు చెప్పారు. ఆ చిట్కా బకెట్టు దగ్గరే ఆగాలి. సబ్బు చేప ఒంటి జిగురును కడిగేస్తుంది, మొప్పలను దెబ్బతీస్తుంది.

చెవితో పట్టుకోవాలి

రిపేరు మొదలుపెట్టే ముందు అరగంట స్టాండు ముందు కూర్చుని వినండి. ఒక్కో చప్పుడు ఒక్కో చోటి నుంచి వస్తుంది.

గలగల: అలుగు దగ్గర పుడుతుంది. పళ్ల మీంచి దూకిన నీళ్లు గదిలో చాలా కిందికి పడుతున్నాయన్నమాట. గదిలో నిలువు పైపు ఎత్తు పెంచి, నీటి మట్టం పళ్లకు రెండు మూడు సెంటీమీటర్ల దిగువన నిలిచేలా చేస్తే పోతుంది. ఖర్చు జానెడు పైపు ముక్క.

జుర్రు: పైపు నోటి దగ్గర పుడుతుంది. నోరు నీటి పైమట్టానికి దగ్గరగా ఉంటే సుడి తిరిగి, ఆ సుడిలోంచి గాలి లోపలికి పోతుంది. నోటికి ఒక ఎల్బో తగిలించి కిందికి తిప్పితే నీళ్లు లోతు నుంచి వెళతాయి, సుడి పడదు.

గుడగుడ: పైపు నడుమ. పైన చెప్పిన నీటి ముద్దల పని ఇది. దీనికి మందు కింది రెండు పద్ధతుల్లో ఏదో ఒకటి.

బుడబుడ: సంపులో. పైపు చివర నీటిపైన ఉంటే నీళ్లు దూకుతాయి. మరీ లోతుగా ముంచితే గాలి బయటపడలేక తన్నుకుంటుంది. మట్టానికి రెండు మూడు సెంటీమీటర్ల కిందుంటే చాలు.

జుమ్మనే మోత: మోటారుది. సంపు గాజుకు ఆనుకుంటే గాజు మోగుతుంది. అడుగున మెత్తటి స్పాంజి, మోటారుకూ పీవీసీ పైపుకూ మధ్య జానెడు సిలికాన్ ట్యూబు పెట్టాలి. బోరు నీళ్లు వాడే ఇళ్లలో ఇంపెల్లర్‌కు సున్నం గార పడుతుంది. వెనిగర్‌లో నానబెట్టి, బ్రష్షుతో తోమి, మంచినీళ్లతో కడిగితే కొత్తదానిలా తిరుగుతుంది.

ఎండాకాలంలో చప్పుడు పెరిగిందంటే ముందు సంపు మట్టం చూడండి. ఆవిరైపోయిన నీళ్ల లోటు పై తొట్టిలో కనపడదు, మొత్తం సంపులోనే తేలుతుంది. మునిగి ఉండాల్సిన పైపు చివర బయటపడుతుంది, మోటారు కూడా గాలి పీలుస్తుంది. రోజూ కాసిని నీళ్లు పోసుకుంటే ఆ గోల ఉండదు.

మొదటి పద్ధతి: గాలికి దారి

నూనె డబ్బాకు ఒకే చిల్లు పెట్టి వంపితే గుటకలు వేస్తూ పడుతుంది. ఎదురుగా ఇంకో చిల్లు పెడితే సన్నటి ధారగా జారుతుంది. అమెరికాకు చెందిన అక్వేరియం అభిమాని రిచర్డ్ డర్సో పేరుతో ప్రచారమైన నిలువు పైపు ఇదే సూత్రం మీద నడుస్తుంది. నిలువు పైపు తలమీద ఒక టీ బిగిస్తారు. టీ పక్కదారికి ఎల్బో తగిలించి నోరు కిందికి తిప్పి నీళ్లలో ముంచుతారు. టీ పైభాగానికి క్యాప్ పెట్టి, అందులో చిన్న రంధ్రం వేస్తారు. నీళ్లు కింది నుంచి, గాలి పై నుంచి, ఎవరి దారిన వారు లోపలికి వెళతారు.

గెలుపోటములు ఆ రంధ్రంలోనే ఉన్నాయి. చిన్నదైతే పైపు ఊపిరాడక సైఫన్‌గా మారి గదిలో నీళ్లన్నీ ఒక్క గుక్కలో లాగేస్తుంది. నోరు బయటపడగానే ఆగుతుంది, మళ్లీ నిండుతుంది, మళ్లీ లాగుతుంది. పెద్దదైతే పైపులో నీళ్లు పడే హోరు ఆ కన్నంలోంచి బయటికి వస్తుంది. మూడు మిల్లీమీటర్లతో మొదలుపెట్టి కొద్దికొద్దిగా పెంచుకోవచ్చు. ఇంకా మేలైన దారి ఉంది. రంధ్రంలో ఎయిర్ పంపు ట్యూబు దూర్చి, దాని చివర అక్వేరియం షాపుల్లో దొరికే చిన్న ఎయిర్ వాల్వు పెడితే వేళ్లతో తిప్పుతూ సరిచేసుకోవచ్చు. కింద కనెక్టర్ ఇంచిది అయితే పైన నిలువు పైపు ఒకటింపావు ఇంచిది వాడాలి. పైపు వెడల్పయితే నీటి పొర పలచబడుతుంది. గది లోపలి ముక్కలను సొల్యూషన్‌తో అతికించొద్దు. చేత్తో నొక్కి బిగిస్తే చాలు, రేపు విప్పి కడుక్కోవచ్చు. ఇంట్లో ఒకే డ్రెయిన్ రంధ్రం ఉన్న తొట్టి అయితే ఉన్నంతలో మంచి మార్గం ఇదే.

రెండో పద్ధతి: గాలికి చోటే లేకుండా

తొట్టి కొత్తగా చేయిస్తుంటే మూడు రంధ్రాలు వేయించుకోండి. 2000ల దశకంలో సముద్రపు తొట్ల అభిమానులు పైపును నిండుగా పారించే పద్ధతులు రూపొందించారు. హెర్బీ, బీన్ యానిమల్ అనేవి వాటిని తయారుచేసినవాళ్ల మారుపేర్లు, ఆ పేర్లే పద్ధతులకూ నిలిచాయి. హెర్బీలో రెండు పైపులు. ఒకటి గేట్ వాల్వుతో సైఫన్‌గా నిండి పారుతుంది, రెండోది ఎమర్జెన్సీకి. మోటారు ఇచ్చేదానికీ సైఫన్ దింపేదానికీ సరిగ్గా పొంతన కుదిరితేనే అది నిలకడగా నడుస్తుంది. గదిలో మట్టం రెండు సెంటీమీటర్లు మారినా సైఫన్ పారకం ఒక శాతం చిల్లర మాత్రమే మారుతుంది. పైపు నోటి వలకు నాచు పట్టినా, మోటారు కొంచెం మందగించినా పొంతన తప్పుతుంది. బీన్ యానిమల్ పద్ధతి ఆ తేడాను మోయడానికి ఇంకో పైపును చేర్చింది. మొదటిది సైఫన్, రెండోది గాలికి తెరిచి ఉన్న పైపు, మూడోది ఎప్పుడూ పొడిగా ఉండే ఎమర్జెన్సీ పైపు.

సరిచేసే తీరు ఇది. గేట్ వాల్వు పూర్తిగా తెరిచి మోటారు వేయండి. అలుగు గదిలో నీళ్లు దబ్బున దిగిపోయి సైఫన్ నోరు జుర్రడం మొదలుపెడుతుంది. వాల్వు చక్రాన్ని ఒక చుట్టు మూసి ఆగండి. మట్టం మెల్లగా లేస్తుంది. సంపులో పైపు చివర పెద్ద బుడగలు తన్నుకొస్తాయి. ఇంకో అర చుట్టు. బుడగలు సన్నబడతాయి. పావు చుట్టు. బుడగలు ఆగిపోతాయి, పైపు నిండింది. గదిలో మట్టం ఇంకా లేచి రెండో పైపు నోటిని అందుకుంటుంది, దాని లోపలి గోడను పట్టుకుని పలచటి పొర జారుతుంది. అంతే, చక్రం మీంచి చెయ్యి తీసేయాలి. బాల్ వాల్వుతో ఈ పని కుదరదు. అది పావు తిప్పుతోనే పూర్తిగా తెరుచుకుని మూసుకుంటుంది, ఇంత సన్నటి సర్దుబాటుకు లొంగదు. వాల్వును పైపు అడుగుభాగాన, సంపు నీటికి పైన, చేతికందేలా పెట్టుకోవాలి.

రెండో పైపులో ఒక చక్కటి తెలివి దాగి ఉంది. దాని తల నుంచి సన్నటి గాలి ట్యూబు ఒకటి బయటికి వస్తుంది. ట్యూబు చివర మామూలు మట్టానికి కొంచెం పైన ఉంటుంది. ఏ ఆకో సైఫన్ నోటికి అడ్డుపడితే మట్టం పెరుగుతుంది, ట్యూబు చివర మునుగుతుంది. గాలి అందని రెండో పైపు తానే సైఫన్‌గా మారి నీళ్లు లాగేస్తుంది. కరెంటుతో పని లేదు, సెన్సర్ అక్కర్లేదు.

కరెంటు పోయి వచ్చినప్పుడు

పైపులు నిశ్శబ్దమయ్యాక మిగిలిన పరీక్ష కరెంటు. మోటారు ఆగినా అలుగు పళ్ల మట్టం వచ్చేదాకా పై నీళ్లు దిగుతూనే ఉంటాయి. పైన చెప్పిన నాలుగడుగుల తొట్టిలో మూడు సెంటీమీటర్లు దిగితే 16 లీటర్లు సంపులో చేరినట్టు. అలుగు గదిలో, పైపుల్లో ఉన్నవి దానికి అదనం. మోటారు పైపు చివర పై తొట్టిలో మునిగి ఉంటే అది కూడా వెనక్కి లాగుతుంది. నీటి మట్టానికి కొద్దిగా దిగువన ఆ పైపుకు చిన్న రంధ్రం వేస్తే, మట్టం అక్కడికి రాగానే గాలి దూరి వెనక్కి లాగడం ఆగుతుంది. ఆ రంధ్రానికి నాచు పట్టకుండా చూసుకోవాలి. సంపు నింపినప్పుడే ఒకసారి స్విచ్ ఆపి చూడండి. పొంగకపోతే, మోటారు నడిచేటప్పుడు సంపులో ఉండే మట్టం దగ్గర మార్కరుతో గీత పెట్టి, ఎన్నడూ దాటకండి.

కరెంటు రాగానే సైఫన్ గాలిని తోసేస్తూ కాసేపు గోల చేస్తుంది. పైపు చివర ఎక్కువ లోతుగా మునగకపోతే తనంతట తానే సర్దుకుంటుంది. రంధ్రం చేయని తొట్లకు అంచు మీంచి యూ ఆకారపు గొట్టం వేలాడదీసే ఓవర్‌ఫ్లోలు కూడా ఉన్నాయి. వాటి వంపులో గాలి చేరి సైఫన్ తెగితే మోటారు తోస్తూనే ఉంటుంది, నీళ్లు నేల మీదికొస్తాయి. తరచూ కరెంటు పోయే ఇంటికి అవి తగవు.

చేపకు వినిపించేది వేరు

పైపు గుడగుడ మనల్ని చంపుకు తింటుంది గానీ చేపకు అంతగా చేరదు. గాలిలో పుట్టిన ధ్వనిలో దాదాపు అంతా నీటి పైమట్టం తాకి వెనక్కి పోతుంది. చేపను బాధించేవి గాజును పట్టుకుని నీళ్లలోకి పాకే మోటారు కంపనాలు. వాటిలో చాలావరకు మనకు వినిపించవు కూడా. బంగారు చేపలు, కోయ్‌లు, మన శీలావతి, బొచ్చె, జెల్లల జాతులన్నిటికీ గాలితిత్తిని లోపలి చెవితో కలిపే సన్నటి ఎముకల వరుస ఉంటుంది. 1820లో ఎర్నెస్ట్ వెబర్ దాన్ని వర్ణించాడు. చూపులేని జెల్ల చేప ఈల వినగానే మేతకు రావడం నేర్చుకుంటుందని కార్ల్ ఫాన్ ఫ్రిష్ 1923లో చూపించాడు. 2004లో బంగారు చేపలకు నీళ్లలో 160 నుంచి 170 డెసిబెల్స్ హోరు వినిపించి చూస్తే పది నిమిషాల్లోనే వినికిడి తగ్గింది. 2011లో సముద్రగుర్రాల మీద చేసిన పరిశోధనలో హోరెత్తే తొట్లలో ఉంచినవి ఒత్తిడికి లోనయ్యాయి. కాబట్టి మోటారు కింద పెట్టే స్పాంజి ముక్క చేప కోసం కూడా. మనకు వినపడని చప్పుడును ఆపడం కూడా పెంపకంలో భాగమే.

ఇవి చేయొద్దు

డర్సో క్యాప్ రంధ్రాన్ని టేపుతో మూసేయొద్దు. అలుగు పళ్లలో గుడ్డ, దూది కుక్కొద్దు, తొట్టి పొంగుతుంది. ఎమర్జెన్సీ పైపుకు వాల్వు పెట్టొద్దు, దాన్ని ఇంకే పైపుతోనూ కలపొద్దు. స్టాండు తలుపులకు సందులు లేకుండా థర్మోకోల్ బిగించొద్దు. లోపల తేమ పెరిగి ప్లగ్గుల మీద చెమ్మ చేరుతుంది. వైర్లను సాకెట్ కన్నా కిందికి వేలాడేలా వదిలితే జారే చుక్క నేల మీద పడుతుంది, సాకెట్‌లోకి పోదు.

మూడు పైపుల ఏర్పాటు ఉన్నవాళ్లు చివరి పని మాత్రం నెలకోసారి చేసి తీరాలి. పగటిపూట, పక్కనే నిలబడి గేట్ వాల్వు పూర్తిగా మూసేయండి. రెండో పైపు సైఫన్‌గా మారి భారం ఎత్తుకోవాలి. దాని నోటిని కూడా అరచేత్తో మూయండి. అలుగు గదిలో మట్టం లేచి ఎమర్జెన్సీ పైపులోకి దూకుతుంది. తొట్టి అంచు దాటకుండా మోటారు ఇచ్చిన నీళ్లన్నీ అది ఒంటరిగా దింపగలగాలి. దింపేటప్పుడు పెద్దగా గోల చేస్తుంది, చేయాలి కూడా. అర్ధరాత్రి ఎక్కడో ఏదో అడ్డుపడిందని ఇంట్లోవాళ్లకు చెప్పే గొంతు అదొక్కటే. రోజూ గుడగుడలాడే తొట్టిలో ఆ హెచ్చరిక కలిసిపోతుంది, ఎవరూ లేవరు. మిగతా చప్పుళ్లన్నీ ఆపుకునేది ఈ ఒక్కటి వినపడటానికే.